పద్నాలుగు మంది భయస్తులు

నా చిన్నప్పుడు మేము వెళ్లే సండే స్కూల్లో ప్రతి ఆదివారం పిల్లలు వంతులవారీగా లేచి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యమంటే కోర్టులో చెప్పేది కాదు, ఆ వారం దేవుడు మనల్ని ఎలా కాపాడాడో నలుగురి ముందూ చెప్పడం. అబిడ్స్‌లో పెద్ద రోడ్డు నుంచి కాస్త లోపలికి వెళ్తే మా తెలుగు చర్చి ఉండేది. పెద్దల ఆరాధన మొదలయ్యే ముందు ఇరవై మంది పిల్లలం వెనక వరండాలో చాపల మీద కూర్చునేవాళ్లం. లెక్కల పరీక్షలో గట్టెక్కానని ఒకడు, జ్వరం తగ్గిందని ఒకతె చెప్పేవారు. అందరం చప్పట్లు కొట్టి స్తోత్రం అనేవాళ్లం. పరీక్ష తప్పాననో, జ్వరం తగ్గలేదనో లేచి చెప్పినవాళ్లను నేనైతే చూడలేదు. అలా కూడా చెప్పవచ్చని మాలో ఎవరికీ తట్టలేదు.

మా టీచరమ్మది మెదక్ వైపు పల్లె. అక్కడి మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుని, పట్నం వచ్చి ఒక చిన్న దవాఖానలో పనిచేసేవారు. ఆదివారాలు మాకు పాఠం చెప్పేవారు. ఆవిడ కథ చెబితే మేము గుటకలు వేయడం కూడా మరిచిపోయేవాళ్లం. ఒక చెక్కకు నూగు గుడ్డ బిగించి, దాని మీద కాగితం బొమ్మలు అంటిస్తూ చెప్పేవారు. ఆ ఆదివారం దానియేలు కథ. ఆకలిగొన్న సింహాల మధ్య పడేస్తే, దేవుడు వాటి నోళ్లు మూయించాడు కదా. బొమ్మలన్నీ తీసేశాక ఆవిడ అలవాటు ప్రకారం ఒక ముక్క చెప్పారు, విశ్వాసం ఉన్నవాళ్లను ఏదీ ముట్టుకోదని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మాటను నేను ఉన్నదున్నట్టు మింగేశాను.

మేముండేది నాంపల్లి స్టేషన్ వెనక సందులో, కిరాయి ఇంట్లో. నాన్నది సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చాం. అమ్మ చంకలో ఎనిమిది నెలల తమ్ముడు. సందు చివర సోడా దుకాణం దగ్గర ఒక గోధుమరంగు కుక్క రెండు రోజులుగా తిరుగుతోంది. దాని నోటి వెంట చొంగ కారుతోంది. ఏమీ లేని చోట గాలిని కొరుకుతోంది. సోమవారం పొద్దున మేము బడికి వెళ్తుంటే సోడా దుకాణం అతను కేకేసి, ఇటు రావద్దు, అటు సందులోంచి పొమ్మన్నాడు. మిగతా పిల్లలంతా బుద్ధిగా చుట్టు తిరిగి వెళ్లారు. నేను తిరగలేదు.

నేను దానియేలును కదా! పరిగెత్తలేదు, రాయి తీసుకోలేదు. పరిగెత్తితే విశ్వాసం లేనట్టే అనుకున్నాను. దాని కళ్లలోకి చూస్తూ, దేవుడు ఇప్పుడు దీని నోరు మూస్తాడు అని మనసులో అనుకుంటూ నేరుగా నడిచాను. అది మొరగను కూడా మొరగలేదు. వచ్చి పిక్క పట్టుకుంది.

దుకాణం అతను వెనక్కి తిరిగి సీసాలు సర్దుకుంటున్నాడు, చూడలేదు. నేను అరవలేదు. నొప్పి కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన ఇదీ: నాలో విశ్వాసం లేదన్నమాట. దేవుడు చూశాడు, లేదని తేల్చేశాడు. అమ్మతో చెబితే అటు ఎందుకు వెళ్లావంటుంది, ఎందుకో చెబితే నా సంగతి అందరికీ తెలిసిపోతుంది. వీధి పంపు కింద కాలు పెట్టి కడుక్కుని, మేజోడు పైకి లాక్కుని బడికి పోయాను. సాయంత్రం వంటింట్లో పసుపు దొంగిలించి అద్దుకున్నాను. నా బుద్ధి అక్కడితో ఆగింది.

బుధవారం ఆ కుక్క మురిక్కాలవలో పడి చచ్చింది. పిచ్చికుక్కేనని అందరూ అన్నారు. ఇక నా గతి చెప్పాలా! పిచ్చికుక్క కరిస్తే మనిషి కుక్కలా మొరుగుతాడనీ, నీళ్లు చూస్తే వణికిపోతాడనీ, కడుపులో కుక్కపిల్లలు పుడతాయనీ బళ్లో పిల్లలు చెప్పుకునేవారు. నేను గంటకోసారి కుండ దగ్గరకు వెళ్లి గ్లాసుడు నీళ్లు ముంచి, వాటినే చూస్తూ నిలబడేదాన్ని. భయం వేయకపోతే తాగేదాన్ని. భయం వేస్తే? అది కుక్క భయమో నా భయమో తెలిసి చావదు. "ఏంటే అంత దాహం" అని అమ్మ విసుక్కునేది. గొంతు గరగరమంటే దగ్గడానికి హడలిపోయేదాన్ని, దగ్గు బదులు మొరుగు వస్తుందేమోనని. తమ్ముణ్ని ఎత్తుకోమంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. వాణ్ని కరుస్తానేమోనని నా భయం.

ఆదివారం వచ్చింది. సాక్ష్యం వంతు నాది. లేచి నిలబడ్డాను. ఇరవై జతల కళ్లు నా మీదే ఉన్నాయి. ఏం చెప్పాలో ఏమీ తోచక, నాంపల్లిలో పిచ్చికుక్క నా మీదికి వచ్చిందనీ, నేను దానియేలులా నిలబడితే దేవుడు దాని నోరు మూయించాడనీ చెప్పేశాను. అంత పెద్ద చప్పట్లు ఆ వరండాలో అంతకు ముందు ఎవరికీ పడలేదు.

కూర్చున్నాక గుర్తొచ్చింది. కిందటి నెలే కదా టీచరమ్మ అననీయ, సప్పీరాల కథ చెప్పారు! దేవుని ఎదుట అబద్ధమాడి, ఆ మొగుడూ పెళ్లాలు ఒకరి తర్వాత ఒకరు ఉన్నచోటనే పడి చచ్చిపోయారు. ఇంకేముంది, కుక్క వల్ల కాకపోతే అబద్ధం వల్ల నాకు చావు తప్పదు. చాప అంచు గట్టిగా పట్టుకుని, ఎప్పుడు పడిపోతానా అని చూస్తూ కూర్చున్నాను. తర్వాత పాడిన పాటేమిటో, చేసిన ప్రార్థనేమిటో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

పిల్లలంతా లేచి వెళ్తుంటే టీచరమ్మ నన్ను ఆగమన్నారు. నేను కుంటడం ఆవిడ చూశారు. నర్సు కళ్లు కదా, తప్పించుకోలేం. మేజోడు కిందికి తీయమన్నారు. తీశాను. పిక్క వాచి, పళ్ల గాట్ల చుట్టూ నల్లబడి ఉంది. ఆవిడ మెట్టు మీద కూలబడ్డారు.

"ఎన్నొద్దులాయె బిడ్డా?"

ఆరు రోజులన్నాను. ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగారు. ఏడుపు తన్నుకొచ్చింది. నాకు విశ్వాసం లేదు టీచరమ్మా, ఉంటే అది కరిచేది కాదు కదా అన్నాను. ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టలేదు. కొళాయి దగ్గరకు తీసుకెళ్లి సబ్బుతో గాయం కడిగారు.

అప్పటికి పెద్దల ఆరాధనకు గంట మోగుతోంది. టీచరమ్మ లోపలికి వెళ్లి, బల్లల మధ్య నుంచి మా అమ్మానాన్నలను లేపుకొచ్చారు. అందరం రిక్షాల్లో సర్కారు దవాఖానకు పోయాం. డాక్టరు గాయం చూసి పద్నాలుగు సూదులన్నాడు, రోజుకొకటి, బొడ్డు చుట్టూ. ఆలస్యం చేశారన్నాడు. సూదులు పనిచేస్తాయా అని నాన్న అడిగితే, చూద్దాం అని మాత్రం అన్నాడు. అమ్మ తమ్ముణ్ని గుండెకు అదుముకుని గోడవారన కూర్చుండిపోయింది. నన్ను కొడతాడనుకున్న నాన్న నా తల మీద చెయ్యి పెట్టి, మళ్లీ తీయలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మొదటి సూది ఆ రోజే వేశారు. గాజు సిరంజి, మరిగే నీళ్లలోంచి పట్టకారుతో తీసిన సూది. నలుగురు పట్టుకున్నా నా అరుపులు గేటు దాకా వినిపించాయట. నాన్నకు ఆఫీసు, అమ్మకు చంటివాడు. రేపటి నుంచి తన డ్యూటీకి ముందు తానే తీసుకొస్తానని టీచరమ్మ మాటిచ్చారు.

మర్నాడు పొద్దున రిక్షా అబిడ్స్ దాటుతుంటే నేను దూకి పారిపోబోయాను. ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నారు. భయపడకు అని మాత్రం అనలేదు. ఆ పద్నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా అనలేదు. నిన్న వేసిన సూదికి బైబిల్లోంచి ఎవరూ తోడు రాలేదు కదా, ఇయ్యాల ఇద్దరు భయస్తులను తోలుకొచ్చిన అన్నారు. ముందు గిద్యోను. శత్రువుల భయంతో ద్రాక్షలు తొక్కే గుంటలో దాక్కుని గోధుమలు నూర్చుకున్నాడట ఆ మహానుభావుడు. ఆ తర్వాత మోషే. నాకు మాట రాదు, ఇంకెవరినైనా పంపు అని దేవుడితోనే బేరాలాడాడు. సూది దిగేసరికి మోషే ఇంకా సాకులు చెబుతూనే ఉన్నాడు. నేను ఏడ్చాను గానీ, పారిపోలేదు.

అప్పటి నుంచి రోజుకొక భయస్తుడు. రాణి చంపిస్తానంటే అడవిలోకి పారిపోయి, పొద కింద పడుకుని, నన్ను చంపెయ్ దేవా అన్న ఏలీయా. రాజు పిలవకుండా లోపలికి వెళ్తే ప్రాణం పోతుందని తెలిసి, మూడు రోజులు తిండి మాని, అప్పుడు వెళ్లిన ఎస్తేరు. చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే తన గురువెవరో తనకు తెలియదన్న పేతురు. రాజూ కాదు, సిపాయీ కాదు, పనిపిల్ల! ఆ రోజు నేను నవ్వాను, పొట్ట మీద నిమ్మకాయలంత గడ్డలు పెట్టుకుని మరీ. వీళ్లందరి పేర్లూ నాకు ముందే తెలుసు. కానీ నూగు గుడ్డ మీద వాళ్లు ఎప్పుడూ నిటారుగానే నిలబడి ఉండేవాళ్లు. ఒక్కడైనా వణికినట్టు నేను ఎన్నడూ చూడలేదు.

తొమ్మిదో రోజునో పదో రోజునో జ్వరం తగిలింది. ఇక అయిపోయిందనుకున్నాను. దవాఖాన బెంచీ మీద ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని, నేను చచ్చిపోతానా టీచరమ్మా అని అడిగాను. అందరూ ఛ, అవేం మాటలు అనేవాళ్లు. ఆవిడ అలా అనలేదు.

"నాకు తెల్వది బిడ్డా. దేవుడు కాపాడాలె అని అడుగుతున్న. అగ్గిల పడేస్తరని తెల్సి ముగ్గురు పోరగాండ్లు రాజు ముందట ఏమన్నరో ఎరుకేనా? మా దేవుడు కాపాడగలడు, కాపాడకున్నా సరే నీ బొమ్మకు మేము మొక్కం అన్నరు. కాపాడతడో లేదో వాండ్లకు గూడ తెల్వది. తెల్వకనే పోయిన్రు."

ఆ మాటకు నాకు ధైర్యం వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. భయం అలాగే ఉంది. కానీ ఆరు రోజులు నేనొక్కదాన్నే మోసిన భయాన్ని ఇప్పుడు రెండో మనిషి కూడా పట్టుకున్నట్టయింది. ఆ రోజు సూదికి నేనే గౌను పైకెత్తాను.

పద్నాలుగో రోజు రిక్షాలో ఆవిడ కథ మొదలుపెట్టలేదు. ఇవాళ్టి భయస్తుడెవరని అడిగాను. "నేనే" అన్నారు. మెదక్ దవాఖానలో పనిచేసేటప్పుడు కుక్క కరిచిన ఒక పిల్లాడు ఆలస్యంగా వచ్చాడట. ఆ పిల్లాడు ఎలా పోయాడో ఆవిడ కళ్లారా చూశారు. నా కాలు చూసినప్పటి నుంచి ఆవిడకు ముద్ద దిగడం లేదట. నాకు భయపడకు అని చెప్పాలంటే తనకే నోరు రాలేదన్నారు. విశ్వాసం ఉన్నవాళ్లను ఏదీ ముట్టుకోదని మాకు చెప్పింది కూడా, అది నిజమని కాదు, నిజమైతే బాగుండునని చెప్పానన్నారు.

మరుసటి ఆదివారం పిల్లల సాక్ష్యాలు మొదలయ్యే ముందు ఆవిడే లేచారు. ఆ రోజు మా అమ్మానాన్నలు, ఇంకా కొందరు పెద్దలు కూడా వరండాలో నిలబడి ఉన్నారు. ఈ చిన్నదానికి నేను తప్పు చెప్పిన, నా మాట నమ్మి కుక్క ముందటికి పోయింది, నన్ను క్షమించమని అడుగుతున్న అన్నారు. అందరి ముందూ, తొమ్మిదేళ్ల పిల్లను, పేరు పెట్టి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. స్తోత్రం అని ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. నేను లేచాను. కుక్క కరిచిందనీ, నేను అబద్ధం చెప్పాననీ, నాకింకా భయంగానే ఉందనీ చెప్పి కూర్చున్నాను. ఆ తర్వాత వంతు ఒక పిల్లాడిది. వాడు లేచి, మా నాన్న రోజూ తాగొచ్చి మా అమ్మను కొడుతున్నాడు, దేవుడు ఇంకా ఆపలేదు అన్నాడు. టీచరమ్మ వెళ్లి వాడి పక్కన కూర్చున్నారు. మా వరండాలో అలాంటి సాక్ష్యం వినడం అదే మొదలు.

నేను బతికాను, ఇదుగో ఈ మాట చెబుతున్నాను కదా. సూదులే బతికించాయో, దేవుడే బతికించాడో, రెండూ కలిసే బతికించాయో నేను విడదీయలేను, విడదీయబోను కూడా. టీచరమ్మ పోయి చాలా ఏళ్లయింది. నా ధైర్యం ఏమీ పెరగలేదు, ఈ వయసులో కూడా నేను పిరికిదాన్నే. పోయిన నెల స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. తుండు చుట్టుకుని అలాగే బయటికి వచ్చి, నా కూతుర్ని పిలిచి చెప్పాను, నాకు భయమేస్తోందమ్మా, నాతో రా అని.