మర్చిపోయిన బుట్ట

ఐసు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు దిమ్మలు మోసిన మనిషి, ఒకరోజు ఓనరు ముందు నిలబడి "ఇక నేను రైతునండీ, సముద్రంలో రైతుని!" అని ఉపన్యాసం దంచి బయటికొచ్చాడు. తీరంలో జనం తినే పాత రకం ఆల్చిప్ప గుల్లలు తెగులొచ్చి పోయాయి. మత్స్యశాఖ వాళ్లు కొత్త రకం గుల్ల పిల్లల్ని ఇతనికిచ్చి, ఏడాదిలో అవి ఇక్కడ పెరుగుతాయని చూపిస్తే ఆ నీళ్ల ముక్క నీదే అన్నారు. లేదంటే మళ్లీ ఐసు దిమ్మలే, ఓనరు వెకిలి నవ్వుతో సహా.

గుల్లల గురించి తనకేం తెలుసు? తినడం తెలుసు. ఆ ఒక్క అర్హతతో ఇరవై వల బుట్టలు నీళ్లలో దించాడు. ఇక చూడాలి ఆ శ్రద్ధ! నీళ్లు తగ్గితే చాలు, బుట్టలెత్తి ఒక్కో గుల్లనీ కడిగి, స్కేలు పెట్టి కొలిచి "ఏమే, నిన్నట్నుంచి ఏం పెరగలేదేం?" అని కోప్పడేవాడు. బావమరిది 'స్కేలు బావ' అని పేరు పెడితే తీరమంతా అదే పిలుపు. గుల్లలు మాత్రం మూతి బిగించుకుని వారానికిన్ని చచ్చేవి. అవి చచ్చేకొద్దీ ఇతను ఇంకా కొలిచేవాడు.

ఏడాది నిండాక మత్స్యశాఖ మేడమ్ పడవలో వచ్చింది. పంతొమ్మిది బుట్టల్లో దాదాపు అన్నీ డొల్లలే.

"ఇరవయ్యోది?"

మొదటి వారమే తాడు తెగి ఎటో పోయింది. పరువు పోతుందని భార్యకి కూడా చెప్పలేదు, ఆపై తనూ మర్చిపోయాడు.

"ఆ రాళ్ల సందులో ఉందిగా," అంది భార్య.

ఇద్దరు పట్టి లాగితేగానీ రాలేదు. నిండా గుల్లలు, అరచేయంతేసి!

"వీటిని ఎలా పెంచారు?" మేడమ్ పెన్ను తీసింది.

"మర్చిపోయానండి."

"పద్ధతా?"

"కాదండి. బుట్టనే."

"నోరు తెరిస్తేనే అవి తినేది. రోజూ ఎత్తితే ఇంకెప్పుడు తింటాయి? మిగతావి ఆకలికి పోయాయి," అంది మేడమ్.

అతను చేతిలోని స్కేలు వంక చూసుకున్నాడు. చంపింది తెగులు కాదు, తనే.

"మర్చిపోవడంలో ఈయన ఆరితేరిపోయారు మేడమ్," అంది భార్య. "మా అమ్మాయీ అలాగే పెరిగింది. ధైర్యంగా నీళ్లు రాసివ్వండి."

మేడమ్ నవ్వుతూనే రాసిచ్చింది. అతనూ నవ్వాడు. మేడమ్ పడవ వెళ్లాక నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయి ఇప్పుడు ఎన్నో ఏడు చదువుతోందే?"

"చదువైపోయి మూడు నెలలైంది. ఇంట్లోనే ఉంది, వెళ్లి పలకరించండి. ఆ స్కేలు మాత్రం ఇక్కడే పడేసి రండి."