పుట్టింటి వైపు ముఖం పెట్టిన కారు

2018 మార్చి 4, ఆదివారం. తెనాలిలో మోటారు సర్వేయర్‌గా నాకది ఇరవై రెండో ఏడు. బీమా ఉన్న బండికి దెబ్బ తగిలితే నష్టం లెక్కగట్టేది మేమే. కంపెనీ ఉద్యోగులం కాము, లైసెన్సు మీద పనిచేస్తాం. ఆ రోజు రేపల్లె దగ్గరున్న నగరం అనే ఊళ్ళో స్పాట్ సర్వే పడింది, అంటే బండిని కదిలించకముందే వెళ్ళి చూడటం.

బండి రేపల్లె ఖాదర్ బాషా గారిది. పాతకాలపు అమెరికా కారు, పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పుతారు. పెళ్ళికూతురిని తెనాలి అత్తారింటికి తీసుకెళ్ళడానికి కారును పూలతో సింగారించి నిలబెడితే, వెనక్కి వస్తున్న ట్రాక్టరు ట్రక్కు రేడియేటర్‌ను పొడిచింది. నీళ్ళన్నీ పోయాయి. ఇంజను వేయడానికి లేదు. తెనాలి షెడ్డుకు లాక్కెళ్ళాలి.

నేను వెళ్ళేసరికి క్రేన్ డ్రైవర్ యేసుబాబు ముందు బంపర్ కింద కొక్కెం తగిలిస్తున్నాడు. ఆపమన్నాను.

“న్యూట్రల్లో పెట్టానండి మేడం, ఏం కాదు.”

అవుతుంది. ఆ కారుకు క్లచ్ లేదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అందులో ఆయిల్ తిప్పే పంపు ఇంజను నడిస్తేనే పనిచేస్తుంది. ఇంజను ఆగి ఉండగా, దాని బలంతో తిరిగే వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లితే, లోపలి భాగాలు ఆయిల్ అందక మాడిపోతాయి. చక్రాలకూ గేర్‌బాక్సుకూ మధ్యనున్న షాఫ్టు విప్పి లాగొచ్చు గానీ, దాని బోల్టులు తుప్పుపట్టి కదల్లేదు. ఇక వెనక చక్రాలు పైకెత్తి, డిక్కీ ముందుకు వచ్చేలా కారును తిప్పి లాగడమే.

ఖాదర్ బాషా గారు వెంటనే ఒప్పుకున్నారు. ఆ గేర్‌బాక్స్ పోతే ఇంకోటి దొరకదు, ఆయన ఇల్లు గడిచేది ఆ కారు మీదే. ఒప్పుకోనిది పెళ్ళికూతురి మేనత్త సామ్రాజ్యమ్మ గారు.

“పుట్టింటి వైపు ముఖం పెట్టుకుని అత్తారింటికి వెళ్తుందా? రేపు కాపురం చెయ్యొద్దా?”

లాగే బండిలో మనుషులు కూర్చోకూడదని, పెళ్ళికూతురు వ్యానులో వెళ్తుందని చెప్పాను.

“పిల్ల సంగతి కాదమ్మా, నేను కారు సంగతే చెప్తున్నా.”

“కారు ఎవరితో కాపురం చేస్తుందత్తా?” అంది పెళ్ళికూతురు. ఎవరూ పట్టించుకోలేదు.

కొక్కెం ముందు బంపర్‌కే వేయమని ఆవిడ యేసుబాబును గదమాయించారు. అలా లాగితే గేర్‌బాక్స్ నష్టానికి బీమా రాదని రాసి వెళ్ళిపోతానన్నాను. ఖాదర్ బాషా గారు వెళ్ళి వెనక చక్రానికి ఆనుకుని నేలమీద కూర్చున్నారు. అంతలో వర్జ్యం వచ్చేస్తోందని పురోహితుడు కేకేశారు.

సామ్రాజ్యమ్మ గారు కారు చుట్టూ ఒకసారి తిరిగారు. బానెట్ మీది దండలు విప్పించి డిక్కీకి కట్టించారు. వధూవరుల పేర్ల బోర్డూ అటే మార్పించారు. డిక్కీకి పసుపు రాసి బొట్టు పెట్టి, “ఇహ ఇదే ముఖం. పోనివ్వు నాయనా” అన్నారు.

స్టీరింగు కదలకుండా పెళ్ళికొడుకు కండువాతో కట్టాం. ముందు బంపర్‌కు ఎర్రగుడ్డ వేలాడదీసి నెమ్మదిగా బయల్దేరాం. నేను క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్నాను. వెనక వచ్చేవాళ్ళకు కారు ఎదురొస్తున్నట్టే ఉంది. అమృతలూరు దాటాక వెనక వస్తున్న ఒక బస్సు డ్రైవరు ఎదురొచ్చే కారనుకుని దారిచ్చి, బస్సును రోడ్డు దింపి ఆపేశాడు. తెనాలిలో షెడ్డుకు పోయే దారిలో అత్తారింటి ముందు ఆపితే, పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళు డిక్కీకి హారతిచ్చారు.

మర్నాడు షెడ్డులో గేర్‌బాక్స్ ఆయిల్ చూశాను. రంగు మారలేదు, మాడు వాసన లేదు. రేడియేటర్ నష్టం ఒప్పుకున్నాను. డిక్కీ మీది పసుపు మరక కూడా రాయమని ఖాదర్ బాషా గారు అడిగారు. అది ప్రమాదం కాదని కొట్టేశాను.

ఆ తర్వాత ఏ బండి లాగించినా ముందుగా ఒకటే చూసేదాన్ని: ఇంజను బలం ఏ చక్రాలకు వెళ్తుందో, అవి నేల తాకకూడదు. ముఖం ఎటున్నదీ ఇంటివాళ్ళు తేల్చుకోవచ్చు.