లాయరమ్మ వదులుకున్న ఉద్యోగం

మా తరగతిలో ఆమెను అందరం లాయరమ్మ అనేవాళ్లం. టీచరు తప్పు రాస్తే చెయ్యెత్తేది, ఒప్పు రాసినా ఎందుకని అడిగేది. పదో తరగతి పాసయ్యాక ఆమె ముందు రెండే దారులున్నాయి. ఒకటి యంత్రాల రిపేరు కోర్సు, రెండేళ్లు. రెండోది వాళ్ల మేనమామ పనిచేసే ఐసు ఫ్యాక్టరీలో వెంటనే ఉద్యోగం. మిషన్ రూములో కూర్చుని గంటగంటకూ మీటర్లు చూసి రాయాలి.

మామయ్య అక్కడ ఇరవై ఏళ్లుగా ఆపరేటరు. తండ్రి లేని ఆ ఇంటికి ఆయనే పెద్ద దిక్కు. "నీడపట్టున చేసే పని తల్లీ. చదువు ఎక్కడికి పోతుంది?" అన్నాడు. వాళ్లమ్మ అప్పటికే తలూపేసింది.

ఓసారి చూసొద్దామని నన్ను తోడు తీసుకెళ్లింది. మంచు పట్టిన లావుపాటి పైపులు, తడి నేల, చెవులు దిమ్మెక్కే మోత. లోపల అడుగు పెట్టగానే నా కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆమె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంటి మామయ్యా ఈ వాసన?"

"ఏ వాసనే?"

వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు. ఐసు యంత్రంలో తిరిగే అమ్మోనియా లీకైతే ముందు చెప్పాల్సింది ముక్కే. ఆ గదికి కాపలా ఉన్న మనిషికి ఆ ముక్కే పనిచెయ్యడం లేదు.

గోడకున్న మాస్కుల పెట్టెకు తాళం వేసి ఉంది. వెనక తలుపుకు అడ్డంగా ఖాళీ సంచులు గుట్టలు పోసి ఉన్నాయి. లాయరమ్మ తిన్నగా మేనేజరు గదికి వెళ్లి అడిగేసింది.

"మాస్కులు దొంగలెత్తుకుపోకుండా తాళం వేశాం," అన్నాడాయన. తర్వాత మామయ్య వైపు తిరిగి, "మీ మేనకోడలికి నోరు కాస్త ఎక్కువేనండీ," అన్నాడు.

ఇంటి గుమ్మం దగ్గర మామయ్య ఆగి, "అన్నం పెట్టే చోట నా పరువు తీశావు," అన్నాడు.

"నేనక్కడ చెయ్యను. నువ్వూ మానెయ్ మామయ్యా."

"మానేసి? నాకొచ్చింది ఇదొక్కటే."

ఆమె కోర్సులో చేరింది. వాళ్లమ్మ నాలుగు రోజులు పలకలేదు. మామయ్య రాకపోకలు మానేశాడు. ఆమె వదిలేసిన ఉద్యోగంలో నేను చేరాను.

"వెళ్లొద్దే," అని బతిమాలింది.

"అందరికీ నీలా కుదరదు. మా ఇంట్లో ఇప్పటికిప్పుడు జీతం కావాలి," అన్నాను. "పోనీ, ముందు తలుపు పక్కనే కూర్చో," అంది.

మొదటి వారం కళ్లు మండిపోయాయి. రెండో నెలకు ఏమీ తెలియలేదు. అలవాటు పడ్డానని సంబరపడ్డాను కూడా. ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి నేరుగా వాళ్లింటికెళ్తే, నన్ను కావలించుకోబోయి చటుక్కున వెనక్కి తగ్గింది. ముక్కు మూసుకుని నా వైపే చూస్తోంది. నేను చున్నీ వాసన చూసుకున్నాను. నాకేమీ తెలియలేదు.

ఎనిమిదో నెలలో, ఒక ఉదయం, పైపు అతుకు ఫట్‌మంది. తెల్లటి పొగ గదంతా కమ్మేసింది. మామయ్య నన్ను ముందు తలుపులోంచి బయటికి ఒక్క తోపు తోశాడు. తను వాల్వు కట్టెయ్యడానికి లోపలికే వెళ్లాడు. కట్టాడు కూడా. ఆయన్ని మోసుకొచ్చేసరికి కళ్లు రెండూ వాచి మూసుకుపోయి ఉన్నాయి. మళ్లీ చూపు రాలేదు.

ఆస్పత్రికి లాయరమ్మ కోర్సు యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది. మామయ్య తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పావు తల్లీ."

"చెప్పి ఊరుకున్నాను మామయ్యా," అంది.

నేను ఆ పని మానేశాను, దగ్గు మాత్రం నన్ను మానలేదు. ఆమె కోర్సు పూర్తిచేసి ఇలాంటి ఫ్యాక్టరీల్లో యంత్రాలు తనిఖీ చేసే పనిలో చేరింది. మామయ్య ఇప్పుడు వాళ్లింట్లోనే ఉంటున్నాడు. పోయిన నెల ఒక శీతల గిడ్డంగిలో వెంటనే పైపులు మార్చాలని రాసిచ్చింది. వాళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే అక్కడి ఆపరేటరుకు ఫోన్ చేస్తోంది. నిన్న ఎవరూ ఎత్తలేదు. అన్నం ముందునుంచి లేచి బండి తీసింది.

గంట తర్వాత నాకు ఫోన్ చేసింది. "ఫోన్ పాడయిందట, అంతే," అంది. అంతే అన్నదిగానీ, అక్కడి మాస్కుల పెట్టె తాళం తీయించాకే ఇంటికొస్తానంది.