చెవి మేస్త్రి పెట్టిన ఫిర్యాదు

నేలచూపులు చూసేవాణ్ణి నమ్మకూడదంటారు. ఆ మాట పుట్టించినవాడెవడో గానీ మా మేస్త్రిని ఎరగడు. సముద్రం ఒడ్డున అద్దాల మేడలు మొలిచిన ఆ పరాయి ఊళ్లో ఇరవై నాలుగేళ్లున్నాడు గానీ, ఏ మేడ ఎంత ఎత్తుందో తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఎక్కడికి వెళ్లినా చూపు కాళ్ల దగ్గరే. ఆసుపత్రిలో డాక్టరు ముఖం కంటే ముందు అక్కడి టైల్స్ సందులు చూస్తాడు. విమానాశ్రయంలో అందరూ బోర్డులు చదువుకుంటూ పోతుంటే, ఈయన పెట్టె పక్కన పెట్టి, వంగి, వేలి కణుపుతో నేలను కొట్టి వింటాడు. నేల పరచడం ఆయన వృత్తి.

పలక పరచడం ఎవడైనా చేస్తాడు. దాని కింద గమ్ము నిండుగా పట్టిందా లేదా అన్నదే అసలు సంగతి. ఎక్కడైనా కాస్త గాలి మిగిలిపోతే, ఆ చోట కొట్టినప్పుడు డొల్లగా పలుకుతుంది. దాన్నే గుల్ల అంటారు. అది కంటికి కనబడదు. ఏళ్లు గడిచాక ఏ బరువైన బీరువానో దాని మీదుగా లాక్కెళితే అప్పుడు పగులుతుంది. మేస్త్రి రోజూ పని మొదలుపెట్టే ముందు, నిన్న వేసిన ప్రతి పలకనూ నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, మొత్తం ఐదు దెబ్బలు కొట్టి వినేవాడు. అందుకోసం ఏ దుకాణంలోనూ చెల్లని ఒక మందపాటి పాత నాణెం ఎప్పుడూ జేబులో ఉండేది. ఇంజనీర్లు గుల్ల కనిపెట్టే యంత్రం బయటికి తీసేలోపే ఈయన గుల్ల ఎక్కడుందో సుద్దతో గీత గీసి ఉండేవాడు.

అలా ఆయనకు చెవి మేస్త్రి అని పేరు పడింది. పనివాళ్లుండే క్యాంపు గదిలో ఆరు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, దాని పైన గోడకి వంట వంతుల కాగితం. గదిలోవాళ్లు ఆటపట్టించేవాళ్లు: మేస్త్రి చెవి అంటే మాటలా, ఎవడిది నిజం నిద్రో ఎవడిది గుల్ల నిద్రో గురక విని చెప్పేస్తాడు అని. మేస్త్రి నవ్వి ఊరుకునేవాడు. లోపల మాత్రం పొంగిపోయేవాడు.

ఆయన వచ్చిన ఏడాది ఇంటి దగ్గర కూతురు పాకుతోంది. ఫోనులో తండ్రి చెప్పిన కథలన్నీ నేలల కథలే. రాజులూ రాక్షసులూ ఆ పిల్లకి తెలియరు గానీ, ఏ మేడలో ఏ రంగు రాయి, సందు ఎన్ని మిల్లీమీటర్లు అన్నీ తెలుసు. పెద్దదై, భవనాల నిర్వహణ చదువుకుని, అదే ఊళ్లో ఉద్యోగం తెచ్చుకుంది. రెండు చోట్ల రమ్మంటే, ఏరికోరి నాన్న నేల వేసిన మేడలోని నిర్వహణ ఆఫీసులో చేరింది. కుళాయి కారినా, లిఫ్టు ఆగినా, ఫిర్యాదు రాసుకుని పని చేయించడం ఆమె వంతు. క్యాంపుకీ ఆమె గదికీ బస్సులో నలభై నిమిషాలు. సెలవు రోజున మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ బస్సెక్కేవాడు.

మోకాళ్లు మొరాయిస్తున్నాయని మేస్త్రి ఇక ఇంటికి వెళ్లిపోదామనుకున్నాడు. వచ్చే నెలకి టిక్కెట్టు కూడా వచ్చింది. వెళ్లేలోగా తమ మేడ చూసి తీరాలని కూతురు పట్టుబట్టింది. తండ్రి ఇదిగో అదిగో అని దాటవేశాడు. నాలుగు నెలలుగా దాటవేస్తూనే ఉన్నాడు. ఎందుకో ఆమెకు తెలియదు.

తొమ్మిదేళ్ల కిందట, ఆ మేడ అప్పగింతకు రెండు రోజులు ముందు, రెండో లిఫ్టు దగ్గర మూడో స్తంభం ముందు, రెండు వైపుల నేలనూ కలిపే ఆఖరి వరస వేస్తున్నాడు మేస్త్రి. పలకని గమ్ము మీద ఆనించాడు, ఇంకా సుత్తితో తట్టి కూర్చోబెట్టలేదు. ఫోను మోగింది. పదో తరగతి ఫలితాలొచ్చాయి నాన్నా, స్కూల్లో నేనే ఫస్టు అంది కూతురు. మేస్త్రికి కాళ్లు నేల మీద నిలవలేదు. తాపీ అక్కడే పడేసి, కనబడినవాడికల్లా చెప్పుకుంటూ మేడంతా తిరిగొచ్చాడు. వచ్చేసరికి గమ్ము బిగిసిపోయింది. మర్నాడు నాణెంతో కొడితే ఒక మూల గుల్ల. ఫోర్‌మన్‌తో చెప్పాడు. తనిఖీ అయిపోయింది, నోరు మూసుకోమన్నాడు ఫోర్‌మన్. మేస్త్రి నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఎన్ని నేలలు వేశాడో లెక్కలేదు. కానీ ఎవరైనా, మేస్త్రీ, నీ చేతిలో గుల్ల ఉండదయ్యా అన్నప్పుడల్లా, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

చివరికి కూతురి మాట కాదనలేక వెళ్లాడు. వెళ్లాక తెలిసింది, ఆమె ఆఫీసంతటికీ చాటింపు వేసిందని. ఆయన పనిచేసినన్నాళ్లూ వాడింది వెనక గేటు. ఈసారి ముందు ద్వారం అద్దాలు వాటంతటవే తెరుచుకున్నాయి. లోపల మేనేజరు, రిసెప్షన్ అమ్మాయి, ఇద్దరు కాపలావాళ్లు నిలబడి ఉన్నారు. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని హాలు మధ్యకు తీసుకెళ్లింది. ఈ నేలంతా మా నాన్న వేసిందే, ఒక్క రాయి కూడా గుల్ల పలకదు అని వాళ్ల భాషలో అందరికీ చెప్పింది. మేనేజరు చేయి కలిపాడు. రిసెప్షన్ అమ్మాయి ఫోటో తీసింది.

ఆ పొగడ్త మేస్త్రికి గొంతు దిగలేదు. కూతురి చెయ్యి మెల్లగా విడిపించుకుని, తిన్నగా మూడో స్తంభం దగ్గరికి వెళ్లాడు. మోకాలు పట్టుకుని కూర్చుని, జేబులోంచి నాణెం తీసి పక్క పలకని కొట్టాడు. గట్టిగా పలికింది. ఆఖరి పలకని కొట్టాడు. డొల్లగా పలికింది. అర్థం కావడానికి మేస్త్రి చెవి అక్కర్లేదు, అందరికీ వినబడింది.

కూతురి ముఖం వాడిపోయింది. ఆఫీసు గదిలోకి వెళ్లాక తలుపు దగ్గరగా వేసి అంది.

"ఎవరడిగారు నాన్నా నిన్ను? తొమ్మిదేళ్లుగా పగల్లేదు. ఇవాళే, అందరి ముందే చెప్పాలా?"

"నువ్వు అందరి ముందే పొగిడావు కదమ్మా. అది తీసుకుని ఇది దాచుకుంటే ఎట్లా?"

"పగిలినప్పుడు చూసుకునేవాళ్లం."

"పగిలేటప్పటికి నేను ఇక్కడుండను. ఫిర్యాదు కాగితం ఉంటుందిగా, తీసి రాయి."

ఆమె బల్ల సొరుగు విసురుగా లాగింది. కాగితం బయటికి తీసింది. అందులో నాలుగు గడులున్నాయి. ఫిర్యాదు చేసినవారు ఎవరు అన్నచోట తన పేరే రాయమన్నాడు మేస్త్రి. లోపానికి కారకులు అన్నచోట కలం ఆగింది.

"అక్కడా నాదే," అన్నాడు. "మూడోది, బాగుచేసినవాడు. అందులోనూ నన్నే రాయి. ఇంకొకడు నా పలక మీద చెయ్యి వేస్తే ఊరుకోను."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ తొక్కిన అడుసుని తొమ్మిదేళ్ల తర్వాత గుర్తుపెట్టుకుని మరీ కడుక్కునేవాళ్లు ఎందరుంటారు? మేనేజరు ఆ కాగితం రెండుసార్లు చదివాడట. ఒకే మనిషి తన మీద తానే ఫిర్యాదు పెట్టుకోవడం తన ఉద్యోగంలో చూడలేదంటూనే, సెలవు రోజున పని చేసుకోమని సంతకం పెట్టాడట.

సెలవు రోజు పొద్దున్నే మేస్త్రి తన తాపీ, రసమట్టం, రబ్బరు సుత్తి సంచిలో వేసుకుని వచ్చాడు. అదే గనిలోంచి వచ్చిన రాళ్లు, అప్పట్లో తనే అడిగి ఉంచిన ఇరవై అదనపు పలకలు, కింది గోదాములో దుమ్ము పట్టి ఉన్నాయి. రాతి చారలు పక్కవాటితో కలిసేది ఒకటి ఏరాడు. పాత పలక సందులు కోసి, ఉలితో ముక్కలు చేసి తీశాడు. కింద చూస్తే అనుకున్నట్టే ఒక మూల అరచేతంత ఖాళీ. చుట్టూ ఉన్న పాత గమ్మంతా గీకేశాడు. తర్వాత శుభ్రంగా ఊడ్చి, గమ్ము పరచి పళ్ల తాపీతో దువ్వి, పలక వెనకవైపూ పూసి, దించి, సుత్తితో తట్టాడు. ఫోను సంచిలో ఆపేసి ఉంది.

మర్నాడు కూతురు ఆఫీసు తెరవకముందే వచ్చింది. ఆయన అప్పటికే అక్కడున్నాడు, కొట్టి చూశాడు కూడా. నిండుగా పట్టిందమ్మా, సంతకం పెట్టేయ్ అన్నాడు. కాగితంలో నాలుగో గడి, తనిఖీ చేసినవారు అన్నది, ఖాళీగా ఉంది. అది ఆమెది.

ఆమె కలం తీయలేదు. "నాణెం ఇలా ఇవ్వు నాన్నా," అంది.

మేస్త్రి ఇచ్చాడు. ఆమె ఆఫీసు బట్టల్లోనే నేల మీద మోకరిల్లి, చెవి దగ్గరగా పెట్టి కొట్టింది. నాలుగు మూలలూ, నడుమ. సరిపోయిందనుకుని తండ్రి సంచి భుజాన వేసుకోబోయాడు. ఆమె లేవలేదు. చుట్టూ ఉన్న ఎనిమిది పలకలూ ఒక్కొక్కటే ఐదేసి దెబ్బలు కొట్టడం మొదలుపెట్టింది. ఉలి దెబ్బకి పక్కవి కదిలి ఉండొచ్చు కదా. ఆ సంగతి మేస్త్రికే తట్టలేదు. అప్పుడే వచ్చిన మేనేజరు, మీ నాన్న మాట మీద నమ్మకం లేదా అని నవ్వుతూ అడిగాడు. ఎవరు వేసినా కొట్టి వినాలని ఆయనే నేర్పారు అని చెప్పి, ఎనిమిదో పలక కూడా విన్నాకే లేచింది. దుమ్ము దులుపుకుని సంతకం పెట్టింది.

ఆ రోజు వంట వంతు మేస్త్రిది. పొయ్యి దగ్గర నిలబడి గరిట తిప్పుతున్నాడు గానీ, ధ్యాస కూర మీద లేదు. ఏమైందని గదిలోవాళ్లు అడిగారు. ఆయన నేలల కథలు వినీ వినీ వాళ్ల చెవులు చిల్లులు పడ్డాయి, మరొకటి వినక తప్పదనుకున్నారు. మేస్త్రి తలెత్తాడు. కళ్లు తడిసి ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది.

"మా అమ్మాయి నా మాట మీద సంతకం పెట్టలేదురా," అన్నాడు. "నలభై అయిదు దెబ్బలు కొట్టి, విని, అప్పుడు పెట్టింది."