మక్క వయసు కొలిచిన మా విజయ చెల్లె

నిన్న పొద్దున ఉప్పల్‌లో మా ఇంటి గేటు దగ్గర పాల ప్యాకెట్ అందుకుంటుంటే ఫోన్ మోగింది. విజయ భర్త, కనకయ్య బావ.

"బావా, విజయ లేస్తలేదు" అన్నాడు.

అంతే. ప్యాకెట్ గేటుకే తగిలించి బయల్దేరాను.

నాచారం చేరేసరికి అంతా అయిపోయింది. గుండె. నిద్రలోనే.

మొన్న సాయంత్రమే కదా, చొక్కా గుండీ ఊడిన సంగతి చూసుకోలేదని నన్ను బజార్లో నిలబెట్టి తిట్టింది! ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. విజయ నా తోడబుట్టింది కాదు. నాచారంలో నా రేడియో రిపేర్ షాపు, ఆమె టైలరింగ్ షాపు పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒక్క గోడ. అటునుంచి మిషన్ చప్పుడు, ఇటునుంచి నా రేడియోల గరగర. ఏళ్ళ తరబడి ఒకరి చప్పుడు ఒకరు భరిస్తే చుట్టరికం దానంతటదే కలుస్తుంది.

చుట్టుపక్కల బడిపిల్లల యూనిఫాములన్నీ ఆమె కుట్టినవే. పిల్లాడి భుజాల మీద టేపు వేసి వయసు చెప్పేసేది. బస్సులో హాఫ్ టికెట్ కోసం వయసు తగ్గించి చెప్పే తల్లుల ఆటలు ఆమె దగ్గర సాగేవి కాదు.

నాకూ రేడియోల విషయంలో అలాంటి పొగరే ఉండేది. వెనక మూత తీసి, లోపలి దుమ్ము చూసి ఏ కాలం నాటిదో చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక సెట్టు చూసి "ఇది మీ తాతల నాటిది" అన్నాను. కొని ఏడాది కూడా కాలేదట. వాళ్ళది పిండి గిర్నీ!

సరే, విజయ పెంచిన పాము సంగతికి వస్తాను.

విజయ వాళ్ళ పైవాటాలో అద్దెకున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి గాజుపెట్టెలో ఒక కార్న్ స్నేక్‌ను పెంచేవాడు. విషం లేని విదేశీ పాము. నారింజ రంగు ఒళ్ళు, మీద ఎర్రటి మచ్చలు. అతనికి పెళ్ళి కుదిరింది. పాము ఉంటే పిల్లనివ్వం అన్నారు అత్తగారివాళ్ళు.

"ఎవ్వలకు వద్దంటే అదెక్కడికి పోవాలె? నాకియ్యి" అంది విజయ.

కార్న్ అంటే మక్కజొన్న కాబట్టి దాని పేరు మక్క అయింది.

కనకయ్య బావ ఆ రోజే తేల్చేశాడు. "ఆ గాజుపెట్టె ఉన్న అర్రల నేను అడుగు పెట్ట. నువ్వాయె, నీ పామాయె."

ఆ అబ్బాయి కూడా మక్కను వేరేవాళ్ళ దగ్గర కొన్నాడట. వయసెంతో అతనికీ తెలియదు.

మా చెల్లెకు అదొక లెక్కా?

మక్కను కటింగ్ టేబుల్ మీద వదిలింది. అది ఎన్ని వంపులు తిరిగిందో అన్ని వంపుల వెంటా సుద్దతో గీత గీసింది. అది పక్కకు పోయాక గీత మీద టేపు పరిచింది. మూడడుగులు దాటి కొంచెం.

"పసిదన్నా ఇది. ఇంకా ఎదిగే ఈడు" అని తీర్పు చెప్పింది.

ఇక ఎదిగే పిల్లకు పెట్టినట్టే పెట్టడం మొదలుపెట్టింది. నెలనెలా సుద్దగీత. నెలనెలా టేపు. మక్క లావైంది గానీ పొడవు పెరగలేదు.

"బడిపిల్లలైతే ఏడాది తిరిగేసరికి ప్యాంట్లు కురుచైతయి. ఇదేందన్నా, ఉన్నకాడనే ఉన్నది?" అని దిగులు పడింది.

మక్కను గుడ్డసంచిలో వేసుకుని ఇద్దరం ఆటోలో సైనిక్‌పురి వెళ్ళాం, అక్కడ పాముల్ని చూసే డాక్టరమ్మ ఉందంటే.

దారిలో ఆటో అతను అడిగాడు, "సంచిల ఏందమ్మా, కూరగాయలా?"

"మక్క" అంది విజయ.

"ఉడకబెట్టినయా, కాల్చినయా?"

"పచ్చిదే బిడ్డా. నువ్వు జర మెల్లగ పోనియ్, దానికి కుదుపులు పడయ్."

అతను అద్దంలో సంచి కదలడం చూశాడు. ఆ తర్వాత సైనిక్‌పురి దాకా సీటు అంచునే కూర్చుని నడిపాడు.

డాక్టరమ్మ చూసి నవ్వింది. "ఇది చిన్నపిల్ల కాదమ్మా, పెద్దదే. మూడేళ్ళ దాకానే సైజుని బట్టి వయసు చెప్పగలం. ఆ తర్వాత పెరగడం దాదాపు ఆగిపోతుంది. చిన్నప్పుడు తిండి తక్కువైతే పొట్టిగానే ఉండిపోతుంది. దీనికి నాలుగేళ్ళు ఉండొచ్చు, పన్నెండూ ఉండొచ్చు. తిండి తగ్గించండి."

"ఇంకెన్నేండ్లు బతుకుతది?"

"బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ళ దాకా బతికేవి ఉన్నాయి. దీనికి ఎంత మిగిలిందో చెప్పలేను."

"నేను పొయ్యేదాకా ఇదుంటదా, ఇది పొయ్యేదాకా నేనుంటనా? గదొక్కటి చెప్పుర్రి డాక్టరమ్మా."

డాక్టరమ్మ నవ్వడం ఆపేసింది.

విజయ గుండె బలహీనంగా ఉందని అప్పటికే డాక్టర్లు చెప్పారు. ఆ మాట ఇంట్లో వాళ్ళిద్దరికీ, బయట నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అంతకాలం ఆమె కొలిచింది పామును కాదు, దాన్ని ఎవరికి అప్పగించాలన్న ఫికర్‌ను.

తిరుగుదారిలో "నేను చూసుకుంటాలే" అన్నాను.

"నువ్వా? నీ తులసి చెట్టుకే నీళ్ళు పొయ్యవు" అంది. నిజమే.

నిన్న మధ్యాహ్నం దహనం అయింది. తిరిగొచ్చి స్నానాలు చేశాం. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు కదా, చుట్టాలు వండి తెచ్చారు. బావ ముద్ద ముట్టలేదు. నన్ను పక్కకు పిలిచాడు.

"హోటల్ల అడిగి ఫ్లాస్కుల వేన్నీళ్ళు తెస్తవా బావా?"

"వేన్నీళ్ళెందుకు, చాయే తెస్తా."

"నాకు గాదు. ఇయ్యాల మక్క తినే రోజు. ఫ్రిజ్ల గడ్డగట్టిన ఎలుకను వేన్నీళ్ళల్ల పెట్టి ఇయ్యాలె. మనింట్ల పొయ్యి ముట్టియ్యద్దాయె."

నేను అతని ముఖంలోకి చూశాను. "నీకెట్ల తెలుసు?"

"దర్వాజ కాడ నిలవడి సూస్తుంటి. లోపటికి రానంటి గని, సూడనంటినా?"

తెచ్చాను. బావ ఆ గదిలోకి వెళ్ళాడు. చేయి చాచినంత దూరం నుంచే పటకారుతో ఎలుకను అందించాడు. మక్క కాసేపు చూసి, అందుకుంది.

"దీనికి ఎన్నేండ్లున్నా సరే" అన్నాడు, "ఉన్నన్ని దినాలు నా తాన్నే ఉంటది."

విన్నావా చెల్లే? ఇక నీకు ఏ ఫికరూ లేదు.

నిమ్మళంగా పండుకో తల్లీ.