చెవులాయన వినని సూదిపిట్ట

సూర్యచంద్రులను రెండు చక్రాలుగా కట్టుకొని, ఋతువులను ఒకదాని వెనుక ఒకటి తోలుకుంటూ, మహారాజుల కోటలను మట్టిదిబ్బలుగానూ ఆ దిబ్బలను మళ్ళీ పైరునేలలుగానూ మారుస్తూ, ఎవరి మొరా ఆలకించక సాగిపోయే కాలరథం, బొటనవేలంత పిట్టను సముద్రాల మీదుగా ఏటేటా అదే కొమ్మకు తెచ్చి దింపుతూనే, ఆ పిట్ట గొంతును ఊరందరికంటే ముందు గుర్తుపట్టే ఒక కుట్టుమిషన్ల మెకానిక్ చెవుల్లోంచి, ఆయనకు తెలియనివ్వకుండా, సన్నని స్వరాలను ఒక్కొక్కటిగా ఎత్తుకుపోతున్న రోజుల్లో జరిగిన వృత్తాంతమిది.

ఆయన దుకాణం చెప్పుల కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ నడుమ ఇరుకైన గది. గోడకు రబ్బరు బెల్టులు, బల్లమీద నూనెడబ్బా, నేలమీద బాగుపడవలసిన మిషన్లు. ఎవరైనా మిషను మోసుకొచ్చి దించితే ఆయన దాన్ని వెంటనే విప్పేవాడు కాడు. తల వంచి, చక్రాన్ని ఒక్కసారి తిప్పి, "షటిల్ అరిగింది" అనో "బాబిన్ కేసులో దారం ముక్క ఇరుక్కుంది" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. ఆ విద్యే ఆయనకు పక్షులను చూసేవారి గుంపులో ఒక పీఠం సంపాదించిపెట్టింది. అక్కడ ఆయనను పేరుపెట్టి పిలిచేవారెవరూ లేరు. అందరికీ చెవులాయన.

ఆ గుంపు ఆదివారం సాయంత్రాలు ఒక పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రి మేడమీది గదిలో కూడేది. అలమరలో సున్నపు దవడల నమూనాలు పళ్ళికిలించి చూస్తుండగా, టీ కప్పులు చేతపట్టుకొని, వారంలో తమ కంటబడిన రెక్కల సంగతులు చెప్పుకొనేవారు. చెరువులోని చలికాలపు బాతులు లేచిపోయాయని ఒకరు, వంతెన కింద పాత గూళ్ళను పిట్టలు మళ్ళీ మట్టితో మెత్తుకుంటున్నాయని ఒకరు. ఎన్ని చెప్పుకున్నా సూదిపిట్ట రానిదే వారి లెక్కకు వసంతం రానట్టే. శాస్త్రజ్ఞులు దానికి వేరే పేరు పెట్టారు గాని, సూదిమొనలాంటి దాని గొంతు విని ఈ పేరు పెట్టింది చెవులాయనే. అది చిటారుకొమ్మల ఆకుల్లో మెసలుతుంది కనుక కంటికి దొరకడం అరుదు. గొంతే దాని ఆనవాలు. అందువల్ల ఆ గుంపులో ఒక ఆచారం స్థిరపడింది. ఎవరు విన్నామని చెప్పినా, చెవులాయన స్వయంగా విని, తన కుర్చీలోంచి లేచి, "వచ్చింది" అనాలి. ఆ ఒక్క మాటతో వసంతం తలుపు తీసినట్టయ్యేది. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆ మాట అనే క్షణం కోసమే ఆయన ఏడాది పొడుగునా బతికేవాడని ఇల్లాలికి తెలుసు.

పీఠమెక్కినవాడికి దయ నిలవడం కష్టం. గుంపులో ఒక ముసలి హెడ్మాస్టారు ఉండేవారు. ఆయన చూపు మందగించిన కొత్తలో, చెరువు అవతలి గట్టున రెల్లులో తెల్లకొంగ నిలబడి ఉందని పట్టలేని సంతోషంతో చెప్పారు. చెవులాయన అందరినీ వెంటబెట్టుకొని అక్కడికి నడిపించాడు. తీరా అది రెల్లుకు తగులుకొన్న ప్లాస్టిక్ సంచి. "మాస్టారూ, పాపం ఎంత దూరం నుంచి వలస వచ్చిందో, ఒక దణ్ణం పెట్టుకోండి" అని ఆ సంచికి ఆయనచేతనే చేతులు జోడింపజేశాడు. ఆ రోజు నుంచి ఆయన సంచికొంగ మాస్టారు. మరుసటి ఆదివారం తలుపు దగ్గర ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. తరువాత ఎన్నడూ నిండలేదు.

ఈసారి చెట్లు చిగిర్చాయి. నీళ్ళ శుద్ధి కేంద్రం వెనుకనున్న తోటలో చెవులాయన తెల్లవారకముందే నిలబడ్డాడు. మరునాడూ నిలబడ్డాడు. పావురాల గురగుర, కాకి గోల, దూరాన లారీ మూలుగు, అన్నీ వినిపించాయి. సూదిపిట్ట మాత్రం పలకలేదు. దారిలోనే ఏ తుఫానుకో చిక్కిందని ఆయన మనసులో దానికి నీళ్ళు వదులుకున్నాడు.

ఆ ఆదివారం ఆయన బావమరిది, అంటే ఇల్లాలి తమ్ముడు, మెట్లెక్కుతూనే అందుకున్నాడు.

"బావా, వచ్చేసింది! తోట గేటు పక్క చెట్టు మీద గొంతు చించుకుంటోంది."

"ఎప్పుడు విన్నావురా?"

"ఇవాళ పొద్దున్నే."

"పొద్దున్న ఆ చెట్టు కిందే నుంచున్నాను. నువ్వు విన్నది నీ సైకిల్ బ్రేకు. నూనె వెయ్యరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

గదంతా గొల్లున నవ్వింది. బావమరిది చెవులు ఎర్రబడ్డాయి.

"నేనొక్కణ్ణే కాదు, డాక్టరమ్మ గారు కూడా విన్నారు. అడుగు."

"విన్నట్టే ఉంది మెకానిక్ గారూ," అంది డాక్టరమ్మ మెల్లగా.

"విన్నట్టే ఉంటే ఎలాగమ్మా? నొప్పి ఉన్నట్టే ఉందని పన్ను పీకేస్తారా?" అని ఆయన మళ్ళీ నవ్వించాడు. ఆ వెంటనే ఆయన గొంతు దిగిపోయింది. "ఈసారి అది లేదు. ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఎంత ప్రాణమని దానిది?"

ఆ మాటకు అందరూ తలలు వంచారు. వంచనివాడు బావమరిది ఒక్కడే. అక్క కొన్నాళ్ళ క్రితం తనతో అన్న మాట అతనికి అప్పుడు తట్టింది. బావకు సన్నని శబ్దాలు వినిపించడం లేదని, ఆ సంగతి బావకే తెలియదని ఆమె చెప్పింది. చెవులాయన మిషన్ల రొద వినగలడు, మనుషుల మాట వినగలడు. సూదిమొన వంటి స్వరం మాత్రం ఆయన చెవికి అంటడం మానేసింది. ఆ గుంపు చేత చచ్చిందనిపించుకున్న పిట్ట హాయిగా బతికి ఉంది.

సూటిగా పిలిచి చెబితే సరిపోయేది. కాని బావమరిదికి సైకిల్ బ్రేకు మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. బావను ఆటపట్టించడానికి అతను ఇంటింటికీ తిరిగి అందరినీ ఒక మాట మీదికి తెచ్చాడు.

"పాపం కదయ్యా," అంది డాక్టరమ్మ.

"మాస్టారిచేత సంచికి దణ్ణం పెట్టించిన రోజు ఈ పాపం ఎక్కడికెళ్ళిందండీ? అప్పుడు మీరు పమిట నోట్లో కుక్కుకొని నవ్వలేదూ?"

ఎన్నింటికి రావాలో ఆమె అడిగి తెలుసుకుంది.

తరువాతి ఆదివారం పొద్దున గుంపంతా చెవులాయనను వెంటబెట్టుకొని గేటు పక్క చెట్టు కింద చేరింది. అందరూ తల ఎత్తగానే పిట్ట పాట మొదలైంది. గాజుపలక మీద వెండితీగ గీసినట్టు, ఆపకుండా, ఉత్సాహంగా పాడుతోంది. అందరూ పెదవులు బిగించుకొన్నారు.

"ఏం బావా, ఏమైనా వినిపిస్తోందా?"

చెవులాయన కళ్ళు మూసుకొని, అరచేతిని చెవి వెనుక చేర్చి, చాలాసేపు నిలబడ్డాడు. "లేదురా," అన్నాడు. "చెప్పాను కదా. చెట్టు ఖాళీ."

పిట్ట ఆయన నెత్తిమీదే మరొక విడత పాడి, గోడ దాటి ఎగిరిపోయింది. తోట నిజంగానే నిశ్శబ్దమైంది. అప్పుడు బావమరిది ఉలిక్కిపడినట్టు నటించి వేలు పైకెత్తాడు. "అదిగో!" అన్నాడు. ముందే కూడబలుక్కొన్నట్టు అందరి మెడలూ ఆ వైపు తిరిగాయి. అందరి ముఖాల మీదా వింటున్న వెలుగు. డాక్టరమ్మ కూడా కాస్త ఆలస్యంగా తల ఎత్తింది.

చెవులాయన ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూశాడు. ఇన్ని ముఖాలు వింటున్నాయి, తనకొక్కడికే లేదు. అప్పుడు, ఆ చెట్టు కింద, ఆయనకు తన సంగతి అర్థమైంది. నాకు వినపడటం లేదు అన్నంత మాత్రాన మునిగిపోయేదేమీ లేదు. కాని ఆ మాట అన్న మరుక్షణం తన కుర్చీ ఏమవుతుందో ఆయనకు తెలుసు. తలుపు దగ్గరి ఖాళీ కుర్చీని ఆయనే తయారుచేశాడు.

"ఆఁ," అన్నాడు. "వచ్చింది."

"ఎక్కడ బావా?"

"ఆ పై కొమ్మల్లో. సన్నగా... ఈసారి గొంతు కొంచెం బొంగురుపోయింది. దూరం వచ్చింది కదా, అలసిపోయి ఉంటుంది."

ఇక ఆగలేకపోయారు. ఒకరు చెట్టు బోదెను పట్టుకొని నవ్వారు, ఒకరు గట్టుమీద కూలబడి నవ్వారు.

"అక్కడేం లేదు బావా! నీ నెత్తినెక్కి కచేరీ చేసినంతసేపూ లేదన్నావు. ఎగిరిపోయాక వచ్చిందంటున్నావు!"

"సంచికొంగ తర్వాత మనకు దొరికిన కొత్త జాతండీ ఇది," అన్నారు వెనుక నుంచి ఎవరో. "చెవిటిపిట్ట!"

నవ్వు దట్టమైన ధ్వని. అది ఆయనకు పొల్లుపోకుండా వినిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఇల్లాలు వంటగదిలో గిన్నెలు తుడుస్తోంది. ఆయన తన అలారం చేతిగడియారం విప్పి ఆమె ముందు పెట్టాడు.

"ఇది పొద్దున్నే మోగుతుందా?"

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. "రోజూ మోగుతుందండీ."

"మరి నేను?"

"మీ భుజం తట్టి, దాన్ని ఆపి, అటు తిరిగి పడుకుంటాను. గడియారం కంటే ముందే లేచానని మీరు మురిసిపోతారు. ఆ మురిపెం ఎందుకు పాడుచెయ్యాలి అనుకున్నాను."

"మీ తమ్ముడికి చెప్పింది నువ్వేనా?"

"కాస్త బావను కనిపెట్టి ఉండరా అని చెప్పానండీ. చెట్లెంట ఒక్కరే తిరుగుతారని."

"కనిపెట్టాడు," అన్నాడాయన. ఆ పూట అన్నం ముట్టలేదు.

సాయంత్రం మేడమీది గదిలో బావమరిది చెవులాయన కుర్చీలోంచి లేచి, "వచ్చింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వసంతం మొదలైంది. డాక్టరమ్మ ఆయనకోసం పోసిన టీ అలమరలోని దవడల ముందు చల్లారిపోయింది.

చెవులాయన అప్పటికి హెడ్మాస్టారి ఇంటి దారి పట్టి ఉన్నాడు. మాస్టారికి చూపు బొత్తిగా పోయిందని ఎవరో అనగా విన్నాడు. మాస్టారి చెవులూ తన కళ్ళూ జతపడితే ఇద్దరికీ మళ్ళీ తోట దక్కుతుందని ఆయన ఆశ. దారి పొడుగునా ఆ ఆశను పేర్చుకుంటూ నడిచాడు.

మాస్టారు కిటికీ పక్కన కూర్చొని ఉన్నారు. కిటికీకి ఆనుకొని చిన్న చెట్టు.

"ఎవరు? మెకానిక్ గారా? రండి. ఆ కుర్చీ మీద ఏమైనా ఉందేమో చూసుకొని కూర్చోండి. నేను చెబితే పొరపాటు పడవచ్చు."

చెవులాయన కూర్చున్నాడు. పొద్దున జరిగినది దాచకుండా చెప్పాడు. సంచి నాటి తప్పుకు మన్నించమన్నాడు. తరువాత తన ఆలోచన విన్నవించాడు. "మీరు విందురు గాని, నేను చూస్తాను మాస్టారూ. ఇద్దరం కలిసి తిరుగుదాం."

మాస్టారు వేళ్ళతో కిటికీ చువ్వను సుతారంగా తట్టారు. "ఇప్పుడు పాడుతోంది. తెలుసా మీకు?"

చెవులాయన తల తిప్పాడు. చేయి చాస్తే అందేంత దగ్గరలో, ఇన్ని వసంతాల్లో ఎన్నడూ కంటికి దొరకనంత స్పష్టంగా, సూదిపిట్ట కూర్చొని ఉంది. ముక్కు తెరుచుకొని ఉంది. కంఠం దగ్గర ఈకలు వణుకుతున్నాయి. ఒళ్ళంతా పాటై ఊగిపోతోంది. ఆ పాటలో ఒక్క పిసరు కూడా ఆయన చెవికి చేరలేదు.

"పాడుతోంది మాస్టారూ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "కనిపిస్తోంది నాకు."

"సరిగ్గా చూశారా?" అన్నారు మాస్టారు, ఎంతో మర్యాదగా. "సంచి కాదు కదా?"

చెవులాయన చూపు పిట్ట మీద నుంచి మాస్టారి మీదికి తిరిగింది.

"మీతో తిరగడానికి నాకేం అభ్యంతరం? కాని నేను చూశానంటే ఆనాడు మీరు నమ్మలేదు. మీరు చూశానంటే ఈనాడు నేనెలా నమ్మను చెప్పండి? వయసైపోయింది నాయనా. కొత్తగా నమ్మడం నేర్చుకోలేను. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వెయ్యండి, గాలికి కొట్టుకుంటుంది."

చెవులాయన లేవలేదు. పిట్ట పాడినంతసేపూ దాని కంఠాన్ని చూస్తూ కూర్చున్నాడు. అది లేచాక, "ఎగిరిపోయింది" అన్నాడు.

"తెలుసు," అన్నారు మాస్టారు.

చెవులాయన లేచి, తలుపు దగ్గరగా వేసి, ఇంటికి నడిచాడు.

తాను ఇచ్చినదాన్ని తానే తీసుకొనే కాలస్వరూపుడు ఆయన చెవుల్లో మిగిలిన మిషన్ల రొదనూ, ఇల్లాలి మాటనూ కడదాకా నిలుపుగాక. తెల్లవారకముందే ఆయన భుజం తట్టే ఆ చేయి ఎన్నడూ అలయకుండుగాక. ఆ బావమరిదికి నిండు నూరేళ్ళ ఆయువు కలుగుగాక; అంత ఆయువుకు సరిపడా చెవులూ కలుగుగాక; కలగనినాడు అతనికంటే మెత్తనివాడొకడు అతనికి బావమరిదిగా ఉండుగాక. చెవులాయన ఇంటి కిటికీకి ఎదురుగా ఒక కొమ్మ చిగిర్చి, దానిమీద ఆ పిట్ట ఏటేటా వచ్చి వాలుగాక, వినిపించకపోయినా కనిపించుగాక. ఆ గృహస్థుకూ, ఆ గృహానికీ శుభమగుగాక.