డిస్కోలో లైట్లు ఆరిన సంగతి

మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. పాట అయిపోగానే పాస్టరు అయ్యగారు బల్ల దగ్గర నిలబడి, ఎవరైనా లేస్తారా అన్నట్టు అందరి వైపూ చూస్తారు. ఎవరో ఒకరు లేచి, దేవుడు తమని దేన్నుంచి బయటికి తెచ్చాడో చెబుతారు. చెన్నై వ్యాసర్పాడిలో మాది రైల్వే యార్డు పక్కన రేకుల కప్పు మందిరం. గూడ్సు బండి వెళ్తుంటే చెప్పేవాళ్ళు మాట ఆపి, అది పోయాక మళ్ళీ మొదలుపెడతారు. నేనూ ఏటా రెండు మూడు సార్లు లేస్తాను. నాది డిస్కో సాక్ష్యం. మా పిల్లలకి అది కంఠతా వచ్చు.

అది ఇలా సాగుతుంది. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చేదాకా నేను లోకంలో తిరిగాను. మా వీధి స్నేహితుడొకడు నన్ను మౌంట్ రోడ్డు పక్కనున్న ఒక హోటల్ డిస్కోకి వంటింటి దారిన తీసుకెళ్ళి ఆ గుంటలోకి దించాడు. పదేళ్ళు అందులోనే ఉన్నాను. ఒక శనివారం రాత్రి డాన్సు ఆడుతుండగా హాలంతా ఒక్కసారిగా చీకటైంది. ఆ చీకట్లో నన్నెవరో పేరు పెట్టి పిలిచారు. బయటికి నడిచాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇక్కడికి రాగానే సంఘమంతా స్తోత్రం అంటుంది. ముందు చాప మీద కూర్చునే పెద్దావిడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటారు.

ఇందులో చీకటి ఒక్కటే నిజం.

ఆ స్నేహితుడు నన్ను ఎక్కడికీ దించలేదు. అతను ఆ డిస్కోలో లైట్లు నడిపేవాడు. వాళ్ళ నాన్న కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో లైట్లు మోసిన మనిషి. ఆ రోజుల్లో డిస్కోలన్నీ పెద్ద హోటళ్ళలోనే ఉండేవి. జంటగా వస్తేనే లోపలికి పంపేవాళ్ళు, కాళ్ళకి తోలు బూట్లుండాలి. నేను ప్యారిస్ కార్నర్‌లో ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాని. నాకు జత లేదు. బూట్లు మా బావవి, వాటిని సంచిలో పెట్టుకుని బస్సెక్కి, హోటల్ వెనక సందులో తొడుక్కునేవాణ్ణి. నెలల తరబడి నేను బతిమాలితే అతను వంటింటి తలుపు తీయించాడు. లోపల నాకు సంతోషం దొరికింది. సంఘంలో ఇలా చెప్పకూడదు గానీ, దొరికిన మాట నిజం. వారమంతా ఓడ సరుకుకి బిల్ ఆఫ్ లేడింగులు, అంటే రసీదులు, రాసిన చేతులు ఆ రెండు గంటలు నావిగా ఉండేవి.

చివరికి జరిగింది కూడా చిన్న విషయమే. ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు ఆడుతూ నాకు తగిలి, ఎంతో మర్యాదగా, "సారీ అంకుల్, కొంచెం పక్కకి రాండి" అన్నాడు. నేను పక్కకి వెళ్ళాను. ఆ సిగ్గు మింగడానికి తాగాను, మెట్ల దగ్గర పడిపోయాను. పైనుంచి చూసిన నా స్నేహితుడు లైట్ల బల్ల మొత్తం ఆర్పేసి కిందికి పరుగెత్తుకొచ్చాడు. హాలు చీకటైంది అందుకే. నన్ను భుజాన వేసుకుని, ఆటోలో వ్యాసర్పాడి దాకా తెచ్చి, మా వాకిట్లో మొహం కడిగి పడుకోబెట్టాడు. మర్నాడు మేనేజరు అతన్ని పనిలోంచి తీసేశాడు. నేను ఆ తర్వాత కూడా మూడు సార్లు అక్కడికి వెళ్ళాను. గోడకి ఆనుకుని నిలబడి, మోకాలు నొప్పి పుడితే వచ్చేశాను. నాలుగోసారి వెళ్ళబుద్ధి కాలేదు. అంతే.

మా నాన్న సంఘ పెద్ద. ఏడేళ్ళకే కీర్తనలు అప్పజెప్పినవాణ్ణి, పొరుగువాడి మీద అబద్ధం పలకకూడదన్న ఆజ్ఞ ఎన్నోదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మొదటిసారి సాక్ష్యానికి లేచినప్పుడు మోసం చెయ్యాలనుకోలేదు. "హాలు చీకటైంది" అని ఊపిరి తీసుకున్నాను. వెనక నుంచి ఎవరో స్తోత్రం అన్నారు. తర్వాతి వాక్యం దానంతట అదే వచ్చింది. చీకటి చేసినవాణ్ణి దేవుడిగా మార్చాక, ఆ స్నేహితుడికి కథలో చోటు కావాలి కదా. గుంటలోకి దించినవాడి చోటు ఖాళీగా ఉంది. వయసు మీద పడి మానుకున్నానంటే దేవుడికి అది చిన్నతనమని భయపడ్డాను. నొప్పి పుట్టే మోకాలితో కూడా ఆయన పని చేయించుకోగలడని నమ్మేంత విశ్వాసం అప్పుడు లేదు.

ఆ స్నేహితుడి అమ్మ మా సంఘంలోనే, ఆ ముందు చాప మీదే కూర్చునేది. నేనెప్పుడూ పేరు చెప్పలేదు కాబట్టి ఆమెకి తెలియదనుకున్నాను. ఆమె రెండేళ్ళ కిందట కన్నుమూసింది.

మొన్నామధ్య మా యువకులు వేరే సంఘాల పిల్లలతో కలిసి ఒక ఆరాధన పెట్టారు. ఇప్పుడు పిల్లలకి రాత్రి డాన్సులు ముందున్నట్టు లేవు. మాల్స్‌లోని పబ్బుల్లో ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చుని ఫోన్లు ఎత్తి పట్టుకుంటారని, ఆడే చోటే చిన్నదైపోయిందని మా అక్క కొడుకు చెబుతాడు. కొందరు పొద్దున్నే కాఫీ తాగుతూ ఆడుతున్నారట. ఆ హోటల్ డిస్కో కూడా జనం రాక మూతపడి, అద్దె హాలైంది. మా వాళ్ళు తీసుకున్నది ఆ హాలే. "మామా, నీ సాక్ష్యం ఆడనే చెప్తే ఎట్టుంటాది, చెప్పు" అన్నాడు వాడు సంబరంగా. లైట్లకి ఎవరిని మాట్లాడారని అడిగితే, నా స్నేహితుడి పేరు చెప్పాడు.

అంటే నేను అతని మీద వేసిన నింద అతను వినబోతున్నాడు. అతను ఏనాడూ మా మందిరానికి వచ్చినవాడు కాదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికే వెళ్ళాను. గోడలకి తెల్లరంగు వేశారు. మెట్లు అవే. అతను నిచ్చెన మీద ఉన్నాడు, జుట్టంతా నెరిసింది.

"ఏంరా గుమాస్తా, ముందు వాకిట్లోంచే వచ్చినావే" అన్నాడు. "వంటింటి తలుపు ఇంగ లేదులే."

"ఎట్ల ఉండావు?"

"ఉండా. మీ పిల్లోళ్ళు భలే ఉండారు పా. పశ్చాత్తాపానికి నీలం లైటంట, ఆనందానికి పసుపంట. పొగ మిషను కూడా అడిగినారు. నేను ఇంతకాలం పాపం అనుకుని చేసిన పని ఇదేనా అని నవ్వుకుంటా ఉండా."

అతనితో అప్పుడే చెప్పేయాల్సింది. ఎవరో మైకు పరీక్షకి పిలిచారు, వెళ్ళిపోయాను.

నా పేరు పిలిచినప్పుడు హాలు నీలంగా ఉంది. ముందు రెండు మూడు వందల మంది పిల్లలు, నాకు తెలిసినవాళ్ళు పదిమంది కూడా లేరు. నేను నిజం చెప్పాను. నన్నెవరూ పిలవలేదన్నాను. ఆ హాలుకి ముసలివాణ్ణయ్యానని మానేశానన్నాను. చీకటి చేసింది నా స్నేహితుడని, నన్ను మోసినందుకు అతని పని పోయిందని, ఇన్నేళ్ళూ అతన్ని చెడ్డవాణ్ణి చేసి చెప్పానని అన్నాను. నేను నోరు విప్పిన క్షణం నుంచి కీబోర్డు కుర్రాడు వెనక మెల్లగా వాయిస్తూనే ఉన్నాడు. ప్రతి వాక్యానికీ ఆమెన్ అన్నారు. అతని పని పోయిందన్న చోట కూడా అన్నారు. ఫోన్లు పైకి లేచాయి. నేను ఆగగానే పసుపు లైటు వచ్చింది, పాట అందుకున్నారు.

అందరూ వెళ్ళాక అతను తీగలు చుడుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"విన్నావా?"

"వినపడింది. స్పీకరు నా నెత్తినే కదా ఉండేది."

"తప్పు చేసినా రా. క్షమించు."

అతను చుడుతున్న తీగ ఆపలేదు. "పని పోయిందానికి నేనేం ఏడవలా. ఇంకో చోట దొరికింది. నువ్వు నన్ను ఏమని చెప్తాండావో కూడా నాకు ఎప్పుడో తెలుసు."

"ఎవరు చెప్పినారు?"

"మా అమ్మ. ప్రతి ఆదివారం మందిరం నుంచి వచ్చి నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది, ఆ పిల్లోణ్ణి చెడిపిన పాపం నా కొడుక్కి తగలకూడదు సామీ అని. లేదమ్మా, వాణ్ణి మోసుకొచ్చింది నేనే అంటే, అబద్ధం చెప్పకురా, వాడు మందిరంలో నిలబడి చెప్పినాడు అనేది. పోయేదాకా అదే మాట."

అతను తీగ చుట్ట నా ఒళ్ళో పెట్టాడు, పట్టుకోమన్నట్టు.

"ఈడ చెప్పినావు, సెరి. ఈ పిల్లోళ్ళకి నేనెవరో, మా అమ్మెవరో. ఆడ చెప్పు. ఆమె పక్కన కూర్చునేవాళ్ళు ముగ్గురు ఇంకా ఉండారు కదా, ఆ ముసిలోళ్ళ ముందర చెప్పు. వాళ్ళకన్నా తెలవాల."

"చెప్తా" అన్నాను.

పెట్టెలు ఇద్దరం కలిసి సామాన్ల లిఫ్టులో కిందికి దించాం. అతను వ్యాను తలుపు వేసి, కోడంబాక్కం వైపు పోవాలని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇది జరిగి ఐదు ఆదివారాలైంది. తెలియని పిల్లల ముందు సులువుగా వచ్చిన మాట ఇక్కడ, మా మందిరంలో, రావడం లేదు. ఇక్కడ నేను సంఘ పెద్ద కొడుకుని, నా సాక్ష్యం విని తాగుడు మానినవాళ్ళు ఇద్దరున్నారు. ఆ సాక్ష్యం తీసేస్తే వాళ్ళ కాళ్ళ కింద ఏముంటుందన్నది ఒక సాకు. అది సాకేనని ప్రార్థనలో నాకు రోజూ తెలుస్తోంది. అయ్యగారు పాట అయ్యాక బల్ల దగ్గర నిలబడి అందరి వైపూ చూస్తారు. చాప మీద ఆ ముగ్గురు ఆవిడలు వెనక్కి తిరిగి, ఇవాళ నేను లేస్తానేమోనని ప్రేమగా నా వైపు చూస్తారు. నేను తల వంచుకుంటాను. గత వారం వాళ్ళలో ఒకామె రాలేదు. జ్వరమట, ఆస్పత్రిలో చేర్చారట.